పాదం కొలత

"కాలు ఇటివ్వండి వదినా, తొడిగి చూస్తాను," అంటూ ఆమె సోఫా ముందు నేలమీద కూర్చుంది. ఆడపడుచు టీవీ మీంచి చూపు తిప్పకుండానే కాలు చాపింది.

ముందే డబ్బు కట్టిన పన్నెండుగురి కోసం ఆమె కుడుతున్న చెప్పుల్లో ఇది మొదటి జత. తోలు కొన్నదీ ఆ డబ్బుతోనే. కాగితం మీద పాదం గీసి పంపితే, సరిగ్గా ఆ పాదానికే కుట్టి ఇస్తానని మాటిచ్చింది. కాగితాలన్నీ ఆడపడుచే పోగుచేసి పంపింది; మిగతావి ఆమె ఇంకా విప్పి చూడలేదు.

మడమ వేలెడు బయటికొచ్చింది.

"గీత మీదే కోశానే!"

"అది నా కాలైతే కదా! కాగితం మీద నిలబడే ఓపిక ఎవరికుందమ్మా? మా పనమ్మాయిని నిలబెట్టి గీశాను."

"మరి మిగతావాళ్లవి?"

"అన్నీ దాని కాళ్లే. మా తమ్ముడికి ఉద్యోగం పోయిందని జాలిపడి తలా కాస్త వేసుకున్నాం. నీ చెప్పులు ఎవరిక్కావాలి?" ఆడపడుచు వంటింటివైపు కేకేసింది. "ఏమేవ్, ఇలా రా! పన్నెండు జతలట, జన్మంతా కొనక్కర్లేదు నీకు!"

ఇన్నాళ్లూ తను వ్యాపారమనుకున్నది వీళ్లకి చందా అన్నమాట.

పనమ్మాయి తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి చెప్పులు తొడుక్కుంది. అతికినట్టు సరిపోయాయి. అటూ ఇటూ నాలుగడుగులు వేసి చూసింది.

"చిటికెన వేలు ఒరుసుకుంటోందమ్మా."

"ఊరికే వచ్చినవాటికి వంకలు కూడానా!" ఆడపడుచు పకపకా నవ్వింది.

ఆమె నవ్వలేదు. పనమ్మాయి పాదాన్ని ఒళ్లోకి తీసుకుంది.

"ఎక్కడో చూపించు. సరిచేసి ఇస్తాను."