ఎర్ర పేలిక కట్టిన చిక్కుడుకాయ

ఒక పెరట్లో నాటు చిక్కుడు పందిరి ఉండేది. ఆ ఇంటి సుంకులమ్మవ్వ ఏటా మేలైన కాయ ఒకదానికి ఎర్ర పేలిక కట్టి, విత్తనానికని తీగమీదే ఎండనిచ్చేది. మిగతావి కోసినప్పుడల్లా ఒక గుప్పెడు గోడమీద ఉడతకి పెట్టేది.

"మంచిది తనకి దాచుకుని, ఏరగా మిగిలినవి నాకా!" అని ఉడతకి కడుపుమండింది. పేలిక కట్టిన కాయ ఒలిచి, నాలుగు గింజలూ తినేసింది.

పొద్దున్నే అవ్వ ఉత్త పేలిక చూసి కూలబడింది. పందిరి కింద కోడి కనబడితే, "మా అమ్మనాటి విత్తనమే, నీ నోరు పడిపోను!" అని చీపురు విసిరింది.

కోడి కుంటుకుంటూ పోయింది. పోతూ పోతూ ఉడతతో అంది: "అది అవ్వ తినే కాయ కాదే. వచ్చే ఏటి పందిరి."

సాయంత్రం అవ్వ, ఎండిపోతున్న తీగకి మిగిలిన, గింజ కట్టని ఆఖరి లేతకాయలు తెచ్చి గోడమీద పెట్టింది.

"తినమ్మా. ఇంక మనకి చిక్కుడు లేదు. ఆ మాయదారి కోడి నీ నోటికాడి కూడు కూడా తీసేసింది."

"తిన్నది నేనే అవ్వా" అందామని ఉడత నోరు తెరిచింది. గింజల రుచి ఇంకా నాలుకమీదే ఉంది. మళ్లీ మూసుకుంది.