మా ఇంటిదాకా ఇనపడాల

“స్టెబిలైజరు పీకెయ్. గోడ ప్లగ్గులోనే పెట్టు” అన్నాను.

చర్చిలో మైకు సూసే రోనాల్డు దండం పెట్టేడు. “వద్దు తాతా. ఊళ్లో గానుగ మోటార్లు ఆగేయంటే కరెంటు ఒక్కసారే ఎక్కువొచ్చేత్తాది. కొత్త ఆంప్లిఫయరు కాలిపోద్ది.”

“కాలితే నా పేరు సెప్పు. నీ స్టెబిలైజరు టీవీకి పనికొచ్చేది. గట్టిగా పాడితే సాలు, టక్కుమని ఆగిపోతంది. పాట మా ఈది దాకా రావట్లేదు.”

“నువ్విక్కడే ఇంటన్నావు కదా?”

“నాక్కాదురా, మా ఆడదానికి. మంచం పట్టి ఏడాదైంది. పాటైనా ఇనాలా వద్దా?”

ఆ మాటకి మెత్తబడి ప్లగ్గు మార్చేడు. చర్చి మీద హారను పేటంతా అదిరేటట్టు మోగింది. నేను రొమ్ము ఇరుసుకుని ఇంటికొచ్చేను.

“ఇనపడతందేటే?”

“ఇనపడతంది. పాట కావాలని నేనెప్పుడడిగేను మావా? చర్చికి తీసికెళ్లమన్నాను. వారం వారం అదే అడుగుతన్నాను.”

వంగి, దాని నడుం కింద సేతులెట్టి ఎత్తేను. బెల్లం దిమ్మలు మోసిన సేతులే. జానెడు లేపి మళ్లీ మంచం మీదే దింపేసేను. రెండోసారి ఆ జానెడూ లేవలేదు.

“రోనాల్డుని పిలు. కుర్చీలో కూకోబెట్టి ఇద్దరూ మోద్దురు” అంది.

గుమ్మం దాకా ఎళ్లేను. నా పెళ్లాన్ని నేను ఎత్తలేకపోతన్నానని సెప్పడానికి నోరు రాలేదు. అక్కడే నిలబడిపోయేను.



“వచ్చి కూకో మావా. పాటే ఇందాం” అంది.