మిస్ లెనోరా బస్సు

"ఏంటక్కా, తెల్లగౌను వేసుకొచ్చావ్? గేటు దగ్గరే వెనక్కి తగిలేస్తారు, తెలీదూ?" చర్చి ముందు ఆగిన బస్సు మెట్ల మీదే ఎర్నెస్టీన్ నిలదీసింది.

ఆర్డెలియా ఒంటికేసి చూసుకుని నాలుక కరుచుకుంది. నెల మొదటి ఆదివారం చర్చిలో పెద్ద ఆడవాళ్లంతా తెలుపు వేసుకుంటారు. అలవాటుగా వేసేసుకుంది. జైల్లో ఖైదీలకి తెల్లబట్టలు, కాబట్టి చూడబోయేవాళ్లు ఆ రంగు వేసుకోకూడదు. ఇన్నేళ్లుగా కొడుకుని చూడబోతున్న మనిషికి ఆ సంగతి తెలియక కాదు. ఇవాళ ఆమె మనసు మనసులో లేదు, అంతే.

"వెనక పెట్టెలో గౌన్లున్నాయిలే, మార్చుకో. అవీ ఆ మహాతల్లి పెట్టించినవే."

మహాతల్లి అంటే మిస్ లెనోరా, తెల్లావిడ. బర్మింగ్‌హామ్‌లో కొండ మీద బంగళా ఆవిడది. జైల్లో బిడ్డలున్న నల్లతల్లుల కోసం ఈ బస్సు ఆవిడే నడుపుతోంది. టిక్కెట్టు లేదు, పైగా దారిలో తినడానికి వేయించిన కోడి, మొక్కజొన్న రొట్టె. ఏడాదికోసారి స్వయంగా వచ్చి అందర్నీ కావలించుకుని సాగనంపుతుంది. ఇవాళ ఆవిడ వచ్చే రోజు.

"మహాతల్లట, మహాతల్లి!" ముందుసీట్లోంచి వెనక్కి తిరిగింది జునీటా. "మా వాడి జేబులో గంజాయి పొట్లం దొరికితే పదేళ్లు వేశాడు జడ్జి. తాగి కారు నడిపి మనిషిని చంపిన బ్యాంకోడి కొడుకునేమో, పసివాడు, బోలెడు భవిష్యత్తు ఉంది అని ఇంటికి పంపాడు. ఆ జడ్జీ, ఆ బ్యాంకోడూ, ఈవిడా ఒక బల్ల దగ్గర కూర్చుని తింటారు. మనకేమో బస్సు! బాగుంది సంబడం."

"ఆ కోడికాలు కింద పెట్టి తిట్టవే," అంది ఎర్నెస్టీన్.

బస్సంతా గొల్లుమంది. జునీటా కోడికాలు మాత్రం వదల్లేదు.

ఆర్డెలియాకి నవ్వు రాలేదు. ఆమె కొడుకు రాండల్ నగల కొట్లో యజమానిని కాల్చి చంపాడని యావజ్జీవం వేశారు. ఆ సాయంత్రం వాడు ఇంట్లో గిన్నెలు కడుగుతున్నాడని ఆమె కోర్టులో ఏడ్చి చెప్పింది. తీర్పు చెప్పే జ్యూరీలో ఒక్క నల్లముఖం లేదు. నల్లపిల్లాడి తరఫున నల్లతల్లి చెప్పే మాట ఎవరిక్కావాలి? వచ్చేవారం మళ్లీ విచారణ. అదే ఆఖరిది. మిస్ లెనోరా వచ్చి జడ్జి ముందు ఒక్క మాట చెబితే రాండల్ బయటికొస్తాడని, లేకపోతే ఇక ఆశ లేదని కొత్త లాయరు తేల్చి చెప్పాడు.

"గవర్నరుతో భోంచేసే మనిషి! ఆవిడ మాట ఎవరు కాదంటారు? మొహమాటపడకుండా అడుగక్కా," ఎర్నెస్టీన్ చెవిలో ఊదింది.

కారొచ్చి ఆగింది. మిస్ లెనోరా బస్సెక్కి ఒక్కొక్కర్నే పేరు పెట్టి పలకరించి కావలించుకుంది. ఆర్డెలియా దగ్గర ఎప్పటిలాగే కాస్త ఎక్కువసేపు ఆగింది. "మోకాళ్లు ఎలా ఉన్నాయి ఆర్డెలియా?" అంది. ఆ మోకాళ్లకి ఆపరేషన్ చేయించింది ఆవిడే.

ఆర్డెలియా ఆవిడ వెంటే బస్సు దిగి, చర్చిగోడ పక్కకి పిలిచింది.

"మిస్ లెనోరా, వచ్చేవారం మా రాండల్ విచారణ. మీరొచ్చి ఒక్క మాట చెప్పండమ్మా."

మిస్ లెనోరా మొహంలో నెత్తురుచుక్క లేదు. "ఎంత పెద్ద లాయరునైనా పెడతాను."

"లాయరున్నాడు. మీ మాటే కావాలి."

"కోర్టుకి నేను రాలేను. ఇంకేదైనా అడుగు. ఇల్లు కట్టించమంటావా?"

"ఇల్లెందుకమ్మా, వాడు లేకుండా? నా బిడ్డ ఏ పాపమూ ఎరగడని మీ మనసుకి తెలుసు కదా?"

మిస్ లెనోరా కళ్లు తుడుచుకుంది. "తెలుసు. తెలుసు కాబట్టేగా ఈ బస్సు."

"ఆ మాటే అక్కడ చెప్పండి."

"నా పేరు మీద ఎన్ని నడుస్తున్నాయో చూడు. బస్సు, పిల్లల బడి, ఆస్పత్రి. రేపు నా పేరు పేపర్లకెక్కితే అన్నీ మూతపడతాయి. వీళ్లందర్నీ ఎవరు తీసుకెళ్తారు, నువ్వే చెప్పు?"

ఆర్డెలియా బస్సుకేసి చూసింది. కిటికీల నిండా తల్లులు, నాన్నని చూడబోతున్న పిల్లలు. ఆవిడ చెయ్యి విదిలించి ఛీ అనాలనిపించింది. కానీ ఆస్పత్రిలో తన పక్కన కూర్చుని సూప్ తాగించిన చెయ్యి అది. ఛీ అనలేకపోయింది. అనలేకపోయినందుకు తన మీద తనకే అసహ్యమేసింది.

"కొత్త బస్సు కొంటాను ఆర్డెలియా. ఏసీది. నీ మోకాళ్లకి హాయిగా ఉంటుంది."

ఆర్డెలియా వెనక్కి తిరిగి వచ్చి బస్సెక్కింది.

"ఏమంటుంది దొరసాని?" అడిగింది జునీటా.

"కొత్త బస్సు కొంటుందట."

అందరూ చప్పట్లు కొట్టారు. జునీటా కూడా కొట్టింది. ఎర్నెస్టీన్ మాత్రం దగ్గరికి జరిగి, "మరి రాండల్ సంగతి?" అంది.

"రానంది." ఆర్డెలియాకి ఏడుపు తన్నుకొచ్చింది. అరచేతులతో మొహం కప్పుకుంది.

"ఊరుకో అక్కా, ఊరుకో. ఈవిడ కాకపోతే ఇంకో పెద్దమనిషి. పాస్టరుగారున్నారు, మేయరున్నాడు. ఎవరు చెబితేనేం?"

"కాదే. ఆవిడే చెప్పాలి."

"ఏం, ఆవిడకేమన్నా కొమ్ములున్నాయా?"

బస్సు కదిలింది. బయట మిస్ లెనోరా చెయ్యి ఊపుతూ నిలబడింది. ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పని మాట ఆర్డెలియా ఎర్నెస్టీన్‌కి చెప్పింది.

"ఆ రోజు కోర్టులో మా వాణ్ణి చూపించి, 'కాల్చింది వీడే' అన్న సాక్షి ఆవిడే."