లైవ్‌లో ఉన్న మనిషి

ఆ మధ్యాహ్నం గుడ్లగూబన్న ఒకే సమయంలో రెండు చోట్ల ఉండాలి. అతనికది కొత్తేమీ కాదు.

అసలు పేరు ఎవరికీ తెలీదు. వీడియోల్లో ఎప్పుడూ గుడ్లగూబ ముసుగు, మెడదాకా గుండీలు పెట్టిన నల్లకోటు, చేతులకు తొడుగులు. గొంతు కూడా సొంతం కాదు. మైకు పక్కనుండే చిన్న యంత్రం ఎవరు మాట్లాడినా ఒకే బొంగురు గొంతు చేసి వదులుతుంది. ఆ గొంతుతో అతను చెప్పేది ఒకటే విషయం: ఆన్‌లైన్లో ఆడపిల్లలు మోసపోకుండా ఎలా ఉండాలి. తమ్ముళ్లూ చెల్లెమ్మలూ లక్షల్లో ఉన్నారు. అన్న మాట వాళ్లకు వేదవాక్కు.

చెల్లెమ్మల్లో ఎవరైనా కంటికి ఆనితే, "నిన్ను గ్రూపుకి అడ్మిన్‌ని చేస్తాను, ఒకసారి వచ్చి మాట్లాడు" అని అద్దె ఫ్లాటుకి పిలిచేవాడు. వచ్చాక తలుపు గడియ పెట్టేవాడు. ఆ తర్వాత ఏం జరుగుతుందో హెచ్చరిస్తూ అతనే చక్కని వీడియోలు చేశాడు.

అదే సమయానికి స్టూడియోలో అతని ఎడిటరు ముసుగు తగిలించుకుని లైవ్‌లో కూర్చునేది. అతనంత పొడుగు, నోట్లో నాలుక లేని పిల్ల. అన్న పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాడంటే నమ్మేది. "మీ పళ్లు ఇంకా బాగుపడలేదా అన్నా?" అని మాత్రం అప్పుడప్పుడు అడిగేది.

కిందటేడు ఒక నర్సు ఊరుకోలేదు. తిన్నగా పోలీస్ స్టేషన్‌కి వెళ్లింది. అక్కడి ఇన్‌స్పెక్టరు చెడ్డవాడేం కాదు. ఆమె చెప్పిన రోజు, ఆ సమయంలోని లైవ్ తెరిచి మొదట్నుంచి చివరిదాకా చూశాడు. చూసి తల గోక్కున్నాడు.

"లక్షమంది చూస్తుండగా లైవ్‌లో ఉన్న మనిషి నీ ఎదురుగా ఎలా ఉంటాడమ్మా?"

నర్సు వెనక్కి తిరిగొచ్చింది. ఆ ప్రశ్న అన్న చెవిన పడింది. ముచ్చటేసి గ్రూపులో పెట్టాడు. అంతే, తమ్ముళ్లూ చెల్లెమ్మలూ దాన్ని నర్సు పోస్టుల కింద, ఆమె పనిచేసే ఆసుపత్రి పేజీ కింద, చివరికి ఆమె తమ్ముడి పెళ్లి ఫోటో కింద కూడా అతికించారు. ఆసుపత్రివాళ్లు ఆమెను కొన్నాళ్లు రావద్దన్నారు, ఆ కొన్నాళ్లు ఇంకా అయిపోలేదు. సిగ్గుపడాల్సినవాళ్లు పడలేదు గనక ఆ పని కూడా ఆమే చేయాల్సి వచ్చింది. అకౌంటు మూసేసుకుంది.

ఆ రోజు లైవ్‌లో నిజంగా కూర్చున్నదెవరో తెలిసిన మనిషి, అన్న కాక, లోకంలో ఒక్కరే ఉన్నారు. ఆ పిల్లకు నోట్లో నాలుక లేదు కదా అని అన్న ఆ సంగతి ఆలోచించలేదు.

ఈ పూట వచ్చే చెల్లెమ్మ ప్రొఫైల్ ఫోటోలో పిల్లికూన ఉంది. ఎడిటరే చూపించింది, "ఈవిడ అడ్మిన్‌గా బాగా పనికొస్తుందన్నా" అని.

బెల్లు మోగింది. కురచ జుట్టు, పెద్ద కళ్లజోడు. వచ్చినవాళ్ల మొహాలు గుర్తుపెట్టుకునే అలవాటు అతనికి లేదు. ప్రొఫైల్ ఫోటో మారితే అతని దృష్టిలో మనిషే మారినట్టు.

"రామ్మా చెల్లెమ్మా. నేనే అన్నని. భయపడకు."

"భయమెందుకన్నా," అంటూ లోపలికొచ్చింది. గది మసకగా ఉంది. కర్టెన్ వెనక్కి చెయ్యి పోనిచ్చి లైటు వేసింది. అక్కడ స్విచ్చి ఉందని వచ్చినవాళ్లందరికీ అతనే చూపించాల్సి వచ్చేది. చురుకైన పిల్లే, అనుకుని గడియ పెట్టాడు.

సోఫాలో పక్కన కూర్చోబోతుంటే ఆమె ఫోను ముందుకు చాపింది.

"లైవ్‌లో మీరేదో చెబుతున్నారన్నా. కాస్త వినండి."

తెర మీద అదే ముసుగు, అదే కోటు, అదే బొంగురు గొంతు.

"నర్సు చెప్పింది ప్రతి అక్షరం నిజం. ఆమె ఒక్కతే కాదు. అడ్మిన్ చేస్తానని ఆశపెట్టి పిలిచింది నేనే, తలుపు గడియ పెట్టింది నేనే. ఈ పూట కూడా ఇంకొకరిని పిలిచాను. ఫ్లాటు అడ్రసు ఇందాకే ఇన్‌స్పెక్టరుగారికి పంపాను."

అన్న తన ఫోను తీశాడు. గబగబా ఎడిటరుకు ఫోన్ చేశాడు. తెర మీది గుడ్లగూబ కోటు జేబులోంచి మోగుతున్న ఫోను తీసి, చూసి, కట్ చేసి మళ్లీ మాట్లాడసాగింది.

'అది నేను కాదు' అని కామెంటు టైపు చేశాడు. పంపబోతూ ఆగాడు. మరి ఇన్నాళ్లూ లైవ్‌లో కూర్చున్నదెవరని ఎవడో ఒకడు అడక్కమానడు. చెరిపేశాడు. ఊరుకుంటే ఒప్పుకున్నట్టు. మళ్లీ టైపు చేశాడు. మళ్లీ చెరిపేశాడు.

తలుపు దబదబా బాదారు. అతను కదిలేలోపే ఆమె వెళ్లి గడియ తీసింది. గుమ్మంలో ఇన్‌స్పెక్టరు. ఆయన చేతిలోని ఫోనులోనూ గుడ్లగూబ మాట్లాడుతూనే ఉంది.

అన్నకు కాళ్లూ చేతులూ ఆడలేదు. నోరు మాత్రం ఆడింది.

"సార్, అది నేను కాదు! మా ఎడిటరు! నేను బయటికెళ్లినప్పుడల్లా ఆ అమ్మాయే కూర్చుంటుంది. నేను ఇందాకట్నుంచీ ఇక్కడే ఉన్నాను. కావాలంటే ఈమెనడగండి. చెప్పమ్మా, నీ ఎదురుగానే ఉన్నాను కదా?"

ఇన్‌స్పెక్టరు ఫోను వంక చూశాడు. అతని వంక చూశాడు. తర్వాత ఆమె వంక చూసి, అలాగే ఉండిపోయాడు.

ఆమె కళ్లజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది.

"లక్షమంది చూస్తుండగా లైవ్‌లో ఉన్న మనిషి నా ఎదురుగా ఎలా ఉంటాడు సార్?"