పైకెక్కిన అడ్డకర్ర

రగ్బీ గోలు స్తంభాలకు మధ్యలో ఉండాల్సిన అడ్డకర్ర, తెల్లారేసరికి వాటి కొసకెక్కి కూర్చుంది.

అది చూసి రగ్బీ కోచ్ ఎటోర్నామ్ మైదానంలోకి పరుగెత్తింది. ఆమె తయారుచేసిన అమ్మాయిల జట్టుకు ఇదే మొదటి మ్యాచ్. రాజధాని అక్రా నుంచి ఎదుటి జట్టు బస్సు గంటలో వచ్చేస్తుంది.

"ఇది నీ పనేగా, సెనాను?" అని, రగ్బీ అంటే పడని ఫుట్‌బాల్ కోచ్‌ని నిలదీసింది. "ఈ ఆటలో తన్నిన బంతి కర్ర పైనుంచి పోతేనే పాయింట్లు. అంతెత్తు మా పిల్లలు తన్నగలరా? రెఫరీ చూస్తే మ్యాచ్ రద్దే."

"ఈ పొట్టేసుకుని నేనెక్కానా తల్లీ?" సెనాను నవ్వాడు. "అయినా చూడ్డానికే ఎవరూ రాని ఆట. దాన్ని చెడగొట్టడానికి అంతెత్తు ఎవడెక్కుతాడు?"

ఆ మాట ఆమెకు చురుక్కుమంది. ఊళ్లో అంతెత్తు ఎక్కగలిగేది కొబ్బరికాయలు దింపే అగ్బెకో తాత ఒక్కడే. ఆయన అప్పటికే పండగ బట్ట కట్టుకుని, సొంత బల్ల తెచ్చుకుని, మైదానం అంచున కూర్చున్నాడు.

"తాతా, ఆ కర్ర ఎవరు కట్టారు?"

"నేనేనమ్మా," అన్నాడాయన, ఎవరూ వినకుండా గొంతు తగ్గించి. "రోజూ వచ్చి చూస్తున్నాగా. మన పిల్లలు ఎన్ని తన్నినా బంతి కర్ర పైనుంచే పోతోంది, ఒక్కటీ కిందికి దూరదు. నీది మంచి మనసు కాబట్టి తిట్టకుండా చప్పట్లు కొడుతున్నావు. అక్రా వాళ్లు ఊరుకుంటారా, నవ్వరూ? అందుకే ఎక్కి పైకి కట్టేశాను. ఇక ఎంతెత్తు తన్నినా మనకి గోలే."