అరగంట తాతయ్య

ఆ గురువారం కూడా ఆసుపత్రి వరండా మధ్యలో అరగంట తాతయ్య చక్రాల కుర్చీ అడ్డం.

వెనక నిలబడ్డ పిట్ట ఉసూరుమంది.

"అమ్మా, ఈయన ముందెళ్తే కిటికీ పక్క చోటు ఈయనదే."

"మెల్లిగా మాట్లాడు. వింటాడు."

"వినాలనేగా."

లిఫ్టు నుంచి మందు ఎక్కించే గదికి ఇరవై అడుగులు. కుర్చీని ఎవర్నీ తొయ్యనివ్వడాయన. చక్రం ఒకసారి తిప్పడం, ఊపిరి తీసుకోవడం, మళ్ళీ తిప్పడం. గది చేరేసరికి అరగంట పట్టినట్టుండేది. అందుకే పిట్ట ఆ పేరు పెట్టింది. గదంతా పాకింది. పిలిస్తే ఆయన పలికేవాడు కూడా.

పిట్ట అన్నదీ అసలు పేరు కాదు. ఎనిమిదేళ్ళప్పుడు నాన్న భుజమ్మీద వేసుకుని తీసుకొస్తే, "ఏంటివి, పిట్ట కాళ్ళా?" అంది సిస్టరక్క. అంతే, ఖాయమైపోయింది.

పుట్టుకతోనే పిట్ట ఒంట్లో ఒక ఎంజైము తయారవదు. అది లేకపోతే కండలు లోలోపలే కరిగిపోతాయి. రెండు వారాలకోసారి దాన్ని సూది ద్వారా బయటినుంచి ఎక్కించాలి. బతికినన్నాళ్ళూ.

సిస్టరక్క మందు సీసాను అరచేతుల మధ్య పసిపిల్లను ఆడించినట్టు దొర్లించేది. "గిలకొడితే అలుగుతుందే ఈ మందు," అనేది. ఆ తర్వాత ఐదు గంటలు. పంపు టిక్కుటిక్కు, అరగంటకోసారి బీపీ, చలేస్తే మీదకో దుప్పటి, సగంలో ఆగిన హోంవర్కు, కుర్చీలోనే కునికే అమ్మ.

కిటికీ దగ్గర్నుంచి తాతయ్య గొంతు.

"ఇవాళ ఎన్ని మెట్లెక్కావే పిట్టా?"

ప్రతిసారీ అదే ప్రశ్న. ఇంకో మాటే రానట్టు.

"నలభై నాలుగు."

"మధ్యలో ఎన్నిసార్లు ఆగావు?"

"ఒకసారి."

"పోయినసారి రెండుసార్లు ఆగావు!"

పరీక్షల్లో తనకే ఫస్టు క్లాసు వచ్చినట్టు మురిసిపోయేవాడు. పద్నాలుగేళ్ళ పిట్టకి ఒళ్ళు మండేది.

"మీరెన్ని ఎక్కారేంటి?" అనేసింది ఓ రోజు.

అమ్మ గుడ్లురిమింది. తాతయ్య మాత్రం పకపకా నవ్వాడు.

"నేను లిఫ్టెక్కానమ్మా. బటన్ కూడా నేనే నొక్కా!"

ఒకసారి బడివాళ్ళు విహారయాత్ర పెట్టారు. సరిగ్గా గురువారమే.

"ఈ ఒక్కసారీ మానేస్తానమ్మా," అని పిట్ట గునిసింది.

అమ్మకి కోపమొచ్చింది. "మానెయ్. మందు వాయిదాలు ఎగ్గొడితే ఏమవుతుందో తెలుసా? అదిగో, అలా కుర్చీకి అతుక్కుపోతావు."

మాట ఎంత దూరం వెళ్ళిందో అమ్మకి అప్పుడు తెలిసింది. నాలిక్కరుచుకుంది.

తాతయ్య ఒక్క క్షణం అమ్మ వైపు చూశాడు. తర్వాత పిట్ట వైపు తిరిగాడు.

"మీ అమ్మ చెప్పింది నిజమేనే. నన్ను చూసైనా బుద్ధి తెచ్చుకో. ఎప్పుడూ మానకు."

పిట్ట మానలేదు. అదే మందు తీసుకుంటూ ఈయనెందుకు నడవలేడో తనకిక అర్థమైపోయిందనుకుంది. జాలి కన్నా చిన్నచూపే ఎక్కువ కలిగింది.

తర్వాత పై చదువు, ఉద్యోగం, వేరే ఊళ్ళు, వేరే ఆసుపత్రులు. అక్కడి గదులు ఇంకా శుభ్రంగా ఉండేవి, కుర్చీలు ఇంకా మెత్తగా ఉండేవి. ఎవరి చెవుల్లో వాళ్ళు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చునేవారు. ఎన్ని మెట్లెక్కావని ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్న కోసం తాను ఎదురుచూస్తోందని పిట్టకి చాలా ఆలస్యంగా తెలిసింది.

పన్నెండేళ్ళ తర్వాత ఆఫీసు పనిమీద పాత ఊరొచ్చింది. వాయిదా ఆ వారంలోనే పడింది. కావాలనే పాత ఆసుపత్రికి రాయించుకుంది.

నలభై నాలుగు మెట్లూ ఆగకుండా ఎక్కింది. వరండాలోకి తిరగ్గానే కాళ్ళు వాటంతటవే నెమ్మదించాయి. అడ్డం ఎవరూ లేరు.

"ఒసేయ్ పిట్టా!"

సిస్టరక్క జుట్టు ముగ్గుబుట్టయింది. చేతులు మాత్రం అవే. సీసా దొర్లిస్తూనే పెళ్ళి గురించి, ఉద్యోగం గురించి, అమ్మ మోకాళ్ళ గురించి అడిగింది.

"అక్కా, అరగంట తాతయ్య రావట్లేదా?"

"పోయారే. రెండేళ్ళయింది. నిద్రలోనే."

పిట్ట కిటికీ పక్క చోటు వైపు చూసింది.

"పాపం. మొదట్లో వాయిదాలు ఎగ్గొట్టకుండా ఉంటే ఇంకొన్నాళ్ళు..."

సిస్టరక్క చేతుల్లో సీసా ఆగింది. "ఆయన ఎగ్గొట్టారని ఎవరన్నారు?"

"అమ్మ అంది. ఆయనే ఒప్పుకున్నారుగా."

"ఒప్పుకున్నారా?" సిస్టరక్క స్టూలు లాక్కుని కూర్చుంది. "ఒక్క వాయిదా కూడా తప్పలేదే ఆ మనిషి."

"మరి?"

"ఈ మందు బయటికి రాకముందు సంగతి. పనిచేస్తుందో లేదో తేల్చడానికి ఏడాదిన్నర పరీక్ష పెట్టారు, ఈ గదిలోనే. సగం మందికి మందు, సగం మందికి ఉప్పునీళ్ళు. ఎవరికేది ఎక్కుతోందో వాళ్ళకీ తెలీదు, నాకూ తెలీదు. ఆ మాట ముందే చెప్పి, సరేనన్నవాళ్ళనే తీసుకున్నారు. తాతయ్య ఈ మెట్లన్నీ ఎక్కి, నడుచుకుంటూ వచ్చి సంతకం పెట్టారు."

"నడుచుకుంటూనా?"

"చకచకా! ఆఖర్న చూస్తే మందు పడ్డవాళ్ళు నిలదొక్కుకున్నారు. పడనివాళ్ళు దిగజారిపోయారు. ఆ తేడా కళ్ళకి కట్టబట్టే మందు మంచిదని తేలింది. అందరికీ ఇచ్చారు. అలా నీదాకా వచ్చింది."

"మరి తాతయ్యకి?"

సిస్టరక్క కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"ఆ ఏడాదిన్నరా ఆయనకి ఎక్కింది ఉత్త ఉప్పునీళ్ళేనే, పిట్టా."