క్లైమాక్స్ ఏదీ?

“సంతకం పెట్టెయ్ అక్కా! పెద్ద డిస్ట్రిబ్యూటర్ మన క్లైమాక్స్ చూసి ఏడ్చేశానన్నాడు. ఇంకేం కావాలి?”

కాలేజీలో చందాలు పోగేసి అక్క తీసిన సినిమాకి తమ్ముడే ఎడిటర్. పొద్దుట్నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

“రెండో డిస్ట్రిబ్యూటర్ ఇంకా ఏమీ చెప్పలేదు. ఆగరా!”

“ఆగితే ఈయన కూడా జారిపోతాడు!”

అక్క పెన్ను తీసింది. ఫోన్ మోగింది. రెండో డిస్ట్రిబ్యూటరే.

“ఏమ్మా, నాతో ఆటలా? తల్లి తలుపు తీసింది, తెర నల్లబడిపోయింది. బయట ఎవరున్నారో తెలీక నాకు నిద్ర పట్టలేదు. క్లైమాక్స్ ఏదీ?”

తమ్ముడు గబగబా లాప్‌టాప్ తెరిచి చూశాడు. మొహం పాలిపోయింది.

“ఇద్దరికీ సగం ఎడిట్ చేసిన కాపీ పంపేశానక్కా. అందులో క్లైమాక్సే లేదు.”

అక్క పెన్నుకు మూత పెట్టింది.

“ఇప్పుడే పంపుతున్నా సార్” అంది ఫోన్లో.

“పెద్దాయనకి కూడా పంపనా?” అన్నాడు తమ్ముడు.

“ఎందుకూ? ఆయన చూడకుండానే ఏడ్చాడుగా!”